మంగళ, శుక్రవారాల ఊదారంగు

కోడలు నాలుగేళ్ళుగా ఇనుమును ఆకలితో మాడుస్తోంది. ఇది ఆమె మాట కాదు, అత్తగారి మాట.

పెళ్ళైన కొత్తలో ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తగారు, "యూనివర్సిటీలో నువ్వు చేసే పని ఏంటమ్మా? నలుగురూ అడుగుతుంటే నీళ్ళు నమలాల్సి వస్తోంది" అన్నారు. కోడలు భోజనాల బల్ల మీద ఖాళీ గ్లాసు ఒకటి పెట్టి, దాన్ని ఇనుప పరమాణువు అనుకోమంది. మామూలుగా ఇనుము తన చుట్టూ నలుగురినో ఆరుగురినో చేరదీసుకుని నిమ్మళంగా ఉంటుంది. ఈమె దానికి ఇద్దరినే ఇచ్చింది. ఆ ఇద్దరూ బాగా లావుపాటి అణువులు. చెరో పక్కా చతికిలబడ్డారంటే మూడోవాడు దూరడానికి సందు ఉండదు. ఆ ముక్క అర్థం కావడానికి సోఫా మీది దిండ్లు రెండు తెచ్చి గ్లాసుకు అటొకటి ఇటొకటి ఆనించింది.

"అంటే దానికి ఇంకా ఇద్దరో నలుగురో కావాలి. నువ్వు రానివ్వవు."

"అవునత్తయ్యా. అందుకే దానికి ఎప్పుడూ ఆకలి. ఏ చిన్నది ఆ సందులోంచి దూరి వచ్చినా పట్టేసుకుంటుంది. ఏం పట్టుకుంటుందో, పట్టుకుని దాన్ని ఏం చేస్తుందో చూడటమే నా పని."

"తిండి పెట్టకుండా కూర్చోబెట్టి, ఏం తింటుందో చూస్తానంటావు" అన్నారు అత్తగారు. గ్లాసు వైపు జాలిగా చూసి, ఒక దిండును కాస్త పక్కకు జరిపారు.

అత్తగారు ముప్ఫై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ఏ గదిలో అడుగుపెట్టినా ముందు తలలు లెక్కపెట్టుకుంటారు. నిలబడి మాట్లాడేటప్పుడు ఎడమ మోచెయ్యి దేనికో ఒకదానికి ఆనితే గాని ఆమెకు మాట సాగదు. కొడుకు పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు తయారుచేసి ఇస్తాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద తెల్లటి పొడి ఉంటుంది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు; ముగ్గురూ సర్దుకుని ఉంటున్నారు.

కోడలి అసలు గురి నైట్రోజన్ మీద. మనం పీల్చే గాలిలో ముప్పాతిక వంతు పైన అదే, కానీ దానంత బద్ధకపు వాయువు మరొకటి అరుదు. ఎరువుల ఫ్యాక్టరీల్లో దాన్ని కదిలించడానికి కొలిమి వేడీ, విపరీతమైన ఒత్తిడీ కావాలి. అలాంటిదాన్ని తన ఇనుము మామూలు గదిలో, గాజు బుడ్డిలో పట్టుకుంటే పెద్ద వార్తే. మూడున్నరేళ్ళలో ఆ ఇనుము పట్టుకోనిదంటూ లేదు. ఒకసారి రబ్బరు బిరడాను పట్టుకుంది. ఒకసారి ప్లాస్టిక్ గొట్టాన్ని. గాలి సోకితే చాలు, తుప్పురంగు బురదైపోయేది. నైట్రోజన్ కనిపిస్తే మాత్రం అలిగిన చుట్టంలా తల తిప్పుకునేది.

అందుకని దాని బతుకంతా గ్లవ్‌బాక్స్‌లోనే. అది బీరువా అంత ఉక్కు పెట్టె. ముందు అద్దం, అద్దానికి రెండు గుండ్రటి కంతలు, ఆ కంతలకు భుజాల దాకా వచ్చే నల్లటి రబ్బరు తొడుగులు. లోపల గాలి లేదు, తేమ లేదు. దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువు ఒక్కటే తిరుగుతూ ఉంటుంది. బయట నిలబడి, తొడుగుల్లోకి చేతులు దూర్చి లోపలి పని చెయ్యాలి. మధ్యలో ముక్కు దురద పెడితే ఓర్చుకోవడమే.

ల్యాబులో అందరికీ కలిపి ఆ పెట్టె ఒక్కటే. దాని మంచీ చెడ్డా చూసేవాడు ఒక సీనియర్ స్కాలరు. పెట్టె పక్క గోడకు పన్నెండు రూల్స్ టైపు చేసి అంటించినవాడు కాబట్టి అందరూ అతన్ని రూల్సన్న అనేవారు. పెట్టె వాడినవాళ్ళు వేళతో సహా లాగ్‌బుక్‌లో రాయాలి. పని అయ్యాక తొడుగులు బయటికి లాగి కట్టాలి. ఘాటైన ద్రవాలు ఏవి తెరిచినా తర్వాత అరగంట సేపు కొత్త ఆర్గాన్ పంపి పెట్టెను కడగాలి. రూల్సన్న తాను నీళ్ళు తాగడానికి వెళ్ళినా ఆ పుస్తకంలో రాసి వెళ్ళేవాడు.

ఒక మంగళవారం ఉదయం పదింటికి కోడలు పెట్టెలో తన ఆకుపచ్చ పొడిని ద్రావకంలో కరిగించి, బుడ్డి మూత బిగించి బయటికి తెచ్చి, నైట్రోజన్ గొట్టానికి తగిలించింది. ఎలాగూ ఏమీ జరగదు కాబట్టి నోట్‌బుక్‌లో 'మార్పు లేదు' అని ముందే రాసేసింది. అరగంటకు తల ఎత్తితే బుడ్డిలో ఊదారంగు.

ఆమె అరవలేదు. స్టూలు మీద కూర్చుంది. లేచి లైటు ఆర్పి, మళ్ళీ వేసి చూసింది. ఊదారంగే. నోట్‌బుక్‌లో 'లేదు' కొట్టేసి 'ఉంది' అని రాసింది.

ప్రొఫెసరుగారిని పిలుచుకొచ్చారు. ఆయన రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. పదిహేనేళ్ళుగా ఆయన ల్యాబులో ఒక గాజు గొట్టం ముట్టుకున్నది చూసినవాళ్ళు లేరు. తన గదిలో కూర్చుని ప్రాజెక్టులకు దరఖాస్తులు రాస్తారు, మీటింగులకు వెళ్తారు, స్కాలర్లు ఏం చూపించినా "మళ్ళీ చెయ్యి" అంటారు. ఇప్పుడు కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, బుడ్డి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "మళ్ళీ చెయ్యమ్మా" అన్నారు. గొంతు మాత్రం మారింది.

శుక్రవారం మళ్ళీ ఊదా. తర్వాతి మంగళవారం మళ్ళీ ఊదా. ప్రొఫెసరుగారు ఇక ఆగలేకపోయారు. కాఫీ మిషను దగ్గర డీనుగారికి చెప్పారు, మెట్ల మీద ఎదురైన ఫిజిక్సు ప్రొఫెసరుకు చెప్పారు. వారం తిరక్కుండానే ఐదుగురు పెద్దల కమిటీ ఒక బుధవారం వచ్చి చూస్తుందని కబురు వచ్చింది. ఆయన కొత్త చొక్కా కుట్టించుకున్నారు. మొదటి స్లైడు మీద 'గాలిని కట్టేసిన ఇనుము' అని రాయించి, అక్షరాలు ఊదారంగులో ఉండాలని పట్టుబట్టారు.

కోడలి ప్రాణం మాత్రం కుదుటపడలేదు. సోమవారం చేస్తే బుడ్డి పచ్చగానే ఉండిపోయింది. బుధవారం పచ్చ. గురువారం పచ్చ. ఆ మాట చెబితే ప్రొఫెసరుగారు, "ఆ రోజుల్లో నీ చెయ్యి బాగోలేదేమో. స్థిమితంగా చెయ్యి" అన్నారు. ఆమె స్థిమితంగా చేసింది. ఇంకో రెండు వారాలు స్థిమితంగా చేసినా మంగళ, శుక్రవారాల్లో ఊదా, మిగతా రోజుల్లో పచ్చ.

ఐదో శుక్రవారం ఆమె రెండు బుడ్లు పెట్టింది. ఒకదానికి నైట్రోజన్ ఇచ్చింది. రెండోదానికి ఏమీ ఇవ్వకుండా, పెట్టెలోంచి వచ్చిన ఆర్గాన్‌తోనే మూత బిగించి పక్కన పెట్టింది. అరగంటకు రెండూ ఊదారంగులోకి మారాయి.

అంటే ఇనుము నైట్రోజన్‌ను పట్టుకోలేదు. పెట్టెలోనే ఇంకేదో పట్టుకుని వస్తోంది. కమిటీ రావడానికి ఇంకా ఐదు రోజులే ఉంది.

ఆమె ప్రొఫెసరుగారి గదికి వెళ్ళింది. ఆయన స్లైడు చూసుకుంటున్నారు.

"సార్, ఆర్గాన్‌లో కూడా ఊదా వచ్చింది."

"ఆర్గాన్‌లో ఏం వస్తుందమ్మా? అది దేనితోనూ కలవదు."

"అందుకే చెబుతున్నాను సార్."

ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. "సిలిండరు మీద ఆర్గాన్ అని రాసినంత మాత్రాన లోపల ఆర్గానే ఉంటుందని ఏముంది?"

"అదే సిలిండరు సోమవారం కూడా వాడాను సార్. పచ్చగానే ఉంది. మంగళ, శుక్రవారాలే ఇలా."

"ఇనుముకు వారాలు తెలుసా?" అని ప్రొఫెసరుగారు నవ్వారు. మనస్ఫూర్తిగానే నవ్వారు. తర్వాత, "ఆ ఐదుగురి ముందు నేనేం చెప్పాలమ్మా, వారం చూసుకుని రమ్మనా?" అన్నారు. ఈసారి నవ్వలేదు.

కోడలు లాగ్‌బుక్ తిరగేసింది. మంగళవారం పొద్దున తనకంటే ముందు ఎవరూ పెట్టె వాడలేదు. శుక్రవారమూ అంతే. అన్నిటికంటే చివర, ముందురోజు సాయంత్రం ఐదు గంటల నలభై మూడు నిమిషాలకు రూల్సన్న సంతకం ఉంది. కోడలు ఎంత మెత్తగా అడిగినా రూల్సన్న మొహం మాడ్చుకున్నాడు. సొరుగు తెరిచి ఒక ఫైలు తీశాడు. అందులో ఆర్నెల్లుగా తాను పెట్టెలో ఏ సీసా మూత ఎన్ని గంటలకు తీసి ఎన్ని గంటలకు పెట్టాడో రాసి ఉంది.

"నన్ను అనుమానించే ముందు రూలు మూడు చదువు" అన్నాడు. "తొడుగులు బయటికి లాగి కట్టాలి. నేను రోజూ కట్టి వెళ్తాను. మంగళవారం పొద్దున వచ్చి చూస్తే లోపలికి వేలాడుతున్నాయి. శుక్రవారమూ అంతే. ఎవరో తెల్లారకముందే వచ్చి వెళ్తున్నారు. మూడు వారాలుగా ఫోటోలు తీసి పెట్టాను."

"మరి ఎవరికీ చెప్పలేదేం అన్నా?"

"ఫిర్యాదు రాసి ఇవ్వాలంటే పేరుండాలి. పేరు తెలీదు" అన్నాడు రూల్సన్న, బాధగా.

ఆ సాయంత్రం ఇంట్లో కోడలు బట్టలు మడత పెడుతూ ఒకే చొక్కాను మూడుసార్లు మడిచింది. అత్తగారు గమనించి చొక్కా చేతిలోంచి తీసుకున్నారు. కోడలు జరిగిందంతా చెప్పింది.

"మంగళ, శుక్రవారాలు" అన్నారు అత్తగారు, మోచెయ్యి ఫ్రిజ్‌కు ఆనించి. "రోజూ రాడు, వచ్చే రోజు తప్పడు. వీడు దొంగ కాదమ్మాయ్. టికెట్ తీసుకోని రెగ్యులర్ ప్యాసింజరు."

"పుస్తకంలో ఎవరి పేరూ లేదత్తయ్యా."

"టికెట్ కొట్టించుకున్నవాళ్ళ సంగతే పుస్తకంలో ఉంటుంది. కొట్టించుకోనివాడి కోసం పుస్తకం వెతికితే ఎలా? బస్సెక్కి మొహాలు చూడాలి. మంగళవారం పొద్దున్నే వెళ్ళి కూర్చుందాం."

"కూర్చుందాం అంటే, మీరు కూడానా?"

"తెల్లారకుండా ఖాళీ బిల్డింగులోకి నిన్నొక్కదాన్నే పంపుతానా?"

కనుబొమలు తుడుచుకుంటున్న కొడుకు, "అమ్మా, అది బస్సు కాదు" అన్నాడు.

"తెలుసులేరా. బస్సైతే వెనక గేటు ఉండేది" అన్నారు అత్తగారు.

మంగళవారం ఐదున్నరకల్లా అత్తాకోడళ్ళు ల్యాబులో ఉన్నారు. బయటివాళ్ళను తీసుకురావడానికి రూల్సన్న ముందురోజే ఒక ఫారం నింపించుకుని, 'సందర్శన ఉద్దేశం' అన్నచోట 'తనిఖీ' అని తానే రాశాడు. అత్తగారు తన కళ్ళద్దాల మీద ల్యాబు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. కోటు పొడుగైపోయి చేతులు నాలుగు మడతలు పెట్టాల్సి వచ్చింది. ఫ్లాస్కులో టీ తెచ్చారు గాని, తినేవీ తాగేవీ లోపలికి తేకూడదని కోడలు చెప్పడంతో దాన్ని తలుపు బయట నేల మీద పెట్టారు. పెట్టారన్న మాటే గాని, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని తలుపు అద్దంలోంచి ఓ కంట కనిపెడుతూనే ఉన్నారు. కాసేపటికి మనసు ఆగక, లేచి వెళ్ళి దాన్ని వరండాలో పూలకుండీ చాటుకు మార్చి వచ్చారు.

ద్రావకాల సీసాలుండే పొడవాటి అలమర వెనక స్టూళ్ళు వేసుకుని కూర్చున్నారు. గడియారం ఆరు దాటింది. వాక్యూం పంపు చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

ఆరుంబావుకు తలుపు తాళం తిరిగింది. వచ్చిన మనిషి లైటు వెయ్యలేదు. కిటికీ వెలుతురులోనే మునివేళ్ళ మీద నడుస్తూ పెట్టె దాకా వచ్చాడు. జేబులోంచి చిన్న డైరీ తీసి, పేజీ చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తొడుగుల కట్టు విప్పి, చేతులు భుజాల దాకా లోపలికి దూర్చాడు. ఏదో కూనిరాగం తీస్తూ, పెట్టెలో ఎడమ మూల డబ్బాల వెనక నుంచి చిన్న గోధుమరంగు సీసా తీసి మూత తిప్పాడు.

అద్దం మీద పడిన వెలుతురులో మొహం కనిపించింది. ప్రొఫెసరుగారు.

తన సొంత ల్యాబులోకి దొంగలా మునివేళ్ళ మీద వచ్చిన ఆయన్ని ఏమని పిలవాలో కోడలికి తోచలేదు. అత్తగారికి అలాంటి ఇబ్బందేమీ కలగలేదు. లేచి వెళ్ళి, మోచెయ్యి ఉక్కు పెట్టెకు ఆనించి, ఆయన భుజం పక్కన నిలబడ్డారు.

"ఎక్కడిదాకా అండీ?" అన్నారు.

ప్రొఫెసరుగారు ఉలిక్కిపడ్డారు, కానీ ఎగిరి పక్కకు తప్పుకునే వీల్లేదు. చేతులు రెండూ భుజాల దాకా పెట్టెలో ఉన్నాయి. కుడి చేతిలో మూత తీసిన సీసా, ఎడమ చేతిలో చుక్కలు వేసే గొట్టం. తల ఒక్కటే తిప్పగలిగారు.

"మీరెవరు?"

"మీ స్కాలరు లేదూ, ఆ అమ్మాయి అత్తగారిని."

అలమర వెనక నుంచి కోడలు బయటికి వచ్చింది. ఆయన ఆమెను చూశారు, అత్తగారిని చూశారు, అద్దంలోంచి సీసాను చూశారు.

"సార్, ఆ సీసాలో ఏముంది?"

"పిరిడిన్" అన్నారు ఆయన, నోట్లో ఏముందని అడిగితే చెప్పే పిల్లాడిలా.

కోడలు కళ్ళు మూసుకుంది. పిరిడిన్ అంటే బయట మూత తీస్తే గది ఖాళీ అయ్యేంత కంపు కొట్టే ద్రవం. పెట్టె లోపల తీస్తే ఆ వాసన ఎవరికీ తెలియదు. తెలిసేది ఆకలి మీదున్న ఇనుముకే. పిరిడిన్ అణువు బల్లపరుపుగా, సన్నగా ఉంటుంది. లావుపాటి ఇద్దరి మధ్య నుంచి మెల్లగా జారి, అరగంటలో ఇనుము పక్కన చేరిపోతుంది. పెట్టెను కడిగితే ఆవిరి పోయేది. ఆయన కడగలేదు. ఆయన చేత్తో పని చేసే రోజుల్లో ఆ రూలు లేదు. రోజంతా తిరిగి తిరిగి పెట్టెలోని బొగ్గు ఫిల్టరు ఆ ఆవిరిని పీల్చుకునేసరికి బుధవారం వచ్చేసేది.

ఆ సంగతి ఎవరూ వివరించకుండానే ప్రొఫెసరుగారికి అర్థమైంది. సన్నటి గొంతుతో, "పిరిడిన్‌లోనూ ఒక నైట్రోజన్ ఉంటుంది కదమ్మా" అన్నారు.

"ఉంటుంది సార్. స్లైడు మీద రాసింది ఆ నైట్రోజన్ గురించి కాదు."

"కాదు" అని ఒప్పుకున్నారు ఆయన.

"ముందు మూత పెట్టండి సార్."

మూత పెట్టారు. చేతులు మాత్రం బయటికి రాలేదు. కంగారుకు చెమట పట్టి రబ్బరు అంటుకుపోయింది. అత్తగారు ఆయన నడుమును వెనక నుంచి ఒడిసి పట్టుకుని, ఒక్క గుంజు గుంజారు. ఫుట్‌బోర్డు మీద వేలాడే ఎందరినో లోపలికి లాగిన చెయ్యి అది. ప్రొఫెసరుగారు రెండడుగులు వెనక్కి వచ్చి స్టూలు మీద కూలబడ్డారు.

వరండాలో అత్తగారు ఫ్లాస్కు మూతలో టీ పోసి ఆయనకు ఇచ్చారు. సగం తాగాక ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు. ముప్ఫై ఆరేళ్ళ క్రితం తాను స్కాలరుగా ఉన్నప్పుడు కోబాల్టుకు ఒక పొడీ, కొన్ని చుక్కల పిరిడినూ కలిపి ఒక పదార్థం చేశారట. పసుపురంగు సూదుల్లాంటి స్ఫటికాలు. ఒక్కసారే వచ్చాయి. రెండోసారి ఎంత చేసినా రాలేదు. వాళ్ళ గైడు నమ్మలేదు. బుడ్డి అటకెక్కింది, తర్వాత ఎవరో కడిగేశారు. రిటైరయ్యేలోగా వాటిని ఇంకోసారి కళ్ళారా చూడాలని ఆయన కోరిక.

"మరి మా అందరి ముందే చెయ్యొచ్చు కదా సార్?"

"పదిహేనేళ్ళుగా మిమ్మల్ని కూర్చోనివ్వకుండా మళ్ళీ చెయ్యమంటున్నాను. నా చేతికే రావడం లేదని మీకు తెలిస్తే ఏం బాగుంటుంది?" ఆయన కప్పులోకి చూస్తూ అన్నారు. "మంగళ, శుక్రవారాలు మా ఆవిడ పొద్దున్నే ఈతకు వెళ్తుంది. ఇంట్లో అడిగేవాళ్ళుండరు."

కోడలికి జాలి వేసింది, అంతకంటే ముందు కోపం వచ్చింది. "ఐదు వారాలు సార్. నా చెయ్యి బాగోలేదన్నారు."

"అన్నాను."

"సోమవారం నా చెయ్యి బాగానే ఉంది."

"సోమవారమే బాగుందమ్మా" అన్నారు ఆయన. "మంగళ, శుక్రవారాల్లో పాడు చేసింది నేను."

ఆయన మిగిలిన టీ తాగేశారు. తర్వాత ఆయన, "రేపు నాకు జ్వరం వస్తే?" అని అడిగారు.

"ఎల్లుండికి తగ్గుతుంది లెండి" అన్నారు అత్తగారు. "అప్పుడు కమిటీవాళ్ళూ ఎల్లుండే వస్తారు."

కోడలు ల్యాబులోకి తిరిగి వచ్చింది. కోపం చల్లారక, ఊదారంగు బుడ్లన్నీ వరసగా వాక్యూం గొట్టానికి తగిలించి కింద వేడి పెట్టింది. ఎందుకు పెట్టిందని ఎవరైనా అడిగితే ఆ క్షణంలో జవాబు చెప్పగలిగేది కాదు. పావుగంటకు బుడ్లు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. దూరి వచ్చిన పిరిడిన్ దారి పట్టింది. ఇనుము మళ్ళీ ఇద్దరి మధ్య ఆకలితో మిగిలింది. ఆమె ఒక చుక్క పిరిడిన్ ఆవిరి చూపించింది. ఊదా. వేడి చేసింది. పచ్చ. సాయంత్రం దాకా అలా నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పేసరికి కోపం పోయి ఆకలి వేసింది.

బుధవారం పదకొండింటికి కమిటీ వచ్చింది. నలుగురు మగవాళ్ళు, ఒక ఆడమనిషి. అందరి చేతుల్లోనూ ఫైళ్ళు. ప్రొఫెసరుగారు జ్వరం తెచ్చుకోలేదు. కొత్త చొక్కాలోనే వచ్చారు. మొదటి స్లైడు తెర మీద పడగానే, "ఇది తప్పు" అన్నారు. రూల్సన్న కంగారుపడి స్లైడు మార్చబోతే, "ఉంచు, అందరూ చదవనీ" అన్నారు. ఆ తర్వాత ఐదు వారాల కథా ఒక్క ముక్క దాచకుండా చెప్పారు. మునివేళ్ళ మీద నడవడం, చేతులు ఇరుక్కోవడం కూడా చెప్పారు. ఆ రెండూ చెప్పకపోయినా కథకు లోటుండేది కాదు.

ఆడమనిషి ఫైలు మూసేశారు. "మీరు ఇద్దరికే చోటు పెట్టారు. మధ్యలోకి మూడోదాన్ని ఎవరు తెచ్చారన్నది రిపోర్టులో రాయాలి. ఎవరని రాసుకోమంటారు?"

"నేనే" అన్నారు ప్రొఫెసరుగారు.

ముందు ఒకరు నవ్వారు. తర్వాత ఐదుగురూ నవ్వారు. నవ్వు తగ్గాక ఆవిడ కోడలి వైపు తిరిగారు. "పెట్టెలో తిరిగే ఆవిరి ఎంతుంటుందమ్మా? ఆ కాస్తకే రంగు మారిందా?"

"మారింది మేడమ్. వేడి చేస్తే తిరిగి పచ్చబడుతోంది."

"ఎన్నిసార్లు?"

"నిన్న నాలుగుసార్లు. ఇవాళ పొద్దున ఇంకో మూడు."

ఆవిడ ఫైలు మళ్ళీ తెరిచారు. కమిటీ ఏమీ తేల్చలేదు. ఇది తమను పిలిచిన పని కాదని అధ్యక్షుడు స్పష్టంగానే అన్నాడు. కానీ ఆరు వారాల్లో కొలతలతో సహా రాసి పంపమన్నాడు.

కోడలు కొలిచింది. రెండు లక్షల వంతుల ఆర్గాన్‌లో ఒక వంతు పిరిడిన్ ఉన్నా ఆ పచ్చరంగు పసిగట్టింది. పిరిడిన్‌ లాంటి ఇంకో ఆరు ద్రవాలనూ పట్టేసింది. నైట్రోజన్‌ను మాత్రం అప్పుడూ పట్టుకోలేదు. ఎనిమిది పేజీల వ్యాసం అచ్చయింది. అందులో 'గాలిని కట్టేసిన' అనే మాట ఎక్కడా లేదు. చివర కృతజ్ఞతల్లో అత్తగారికి ఒక వాక్యం ఉంది: 'ప్రయోగశాల తనిఖీలో అనుభవంతో సాయపడినందుకు.' అత్తగారు ఆ పేజీని జిరాక్సు తీయించి, పాత బస్ డిపోలో అందరికీ పంచారు.

తర్వాత ఆ పచ్చ ద్రవం ఉన్న చిన్న సీసాలు డిపార్ట్‌మెంటులోని పెట్టెలన్నిటిలోకీ వెళ్ళాయి. సీసా ఊదారంగులోకి మారిందంటే ఎవరో ఏదో తెరిచి కడగకుండా వెళ్ళారన్నమాట. రూల్సన్న పదమూడో రూలు అంటించాడు: 'ప్రొఫెసర్లు కూడా లాగ్‌బుక్‌లో రాయాలి.' ప్రొఫెసరుగారు దాని కింద సంతకం చేశారు. పది రోజులకు ఒక గురువారం సీసా ఊదాగా మారింది. విచారిస్తే, ఆ మధ్యాహ్నం పెట్టె వాడింది రూల్సన్న ఒక్కడే. ఫోను వచ్చి, కడగడం మరిచి వెళ్ళాడు. తన మీద తానే ఫిర్యాదు రాసి, దాన్ని తానే అందుకుని, రెండు రోజులు ఎవరి మొహమూ చూడలేదు.

ప్రొఫెసరుగారు ఇప్పుడు బుధవారం మధ్యాహ్నాలు బాహాటంగా ల్యాబుకు వస్తారు. కోడలు పక్కన నిలబడి చూస్తుంది. ఆయన మొదటి నెలలో మూడు బుడ్లు పగలగొట్టారు. రెండో నెలలో ఒకటే. నాలుగో నెలలో ఒక బుడ్డి అడుగున పసుపురంగు సూదులు నాలుగు మొలిచాయి. ఆయన వాటిని కదిలించకుండా రెండు గంటలు అలాగే కూర్చున్నారు. స్ఫటికాలను ఎక్స్‌రేతో చూసే ఆపరేటరు మర్నాడు ఫోను చేసి, "సార్, ఇందులో కోబాల్టు లేదు. మీరు కోబాల్టుకు కలిపిన పొడే శుభ్రంగా స్ఫటికమై వచ్చింది" అని చెప్పాడు.

కోడలు ఆయన మొహం వైపు చూడటానికి జంకింది. ఆయన ఫోను పెట్టేసి, సీసాను కిటికీ వెలుతురులోకి పట్టుకున్నారు.

"ఎంత శుభ్రంగా వచ్చాయట?"

"చాలా శుభ్రంగా సార్. అలా పెరగడం అరుదట."

"ఊ" అని, ఆయన సీసా మీద తారీఖు రాసి పెట్టుకున్నారు. డైరీ తీసి కొత్త పేజీ తిప్పారు. "ఈసారి ద్రావకం మార్చి చూద్దామా? నువ్వైతే ఏం వాడతావు?"

కోడలు ద్రావకాల అలమర వైపు చూసింది. "టోలుయీన్ సార్. బాగా చల్లబరిచి."

ఆయన రాసుకున్నారు.